మాట పలికే పెట్టె

"ఈ వైరు ఎవురు పీకినారు?"

బైరప్ప నడింట్లో నిలబడి మూడోసారి అడిగాడు. ఆయన చేతిలో రెండు మూరల ఎర్ర వైరు వేలాడుతోంది. నిన్న సాయంత్రం దాకా అది స్పీకరు పెట్టెకు అతికే ఉంది. తెల్లారి చూస్తే ఊడి కింద పడి ఉంది. ఎలుక కొరికిన గాటు లేదు, కాలికి తగిలి తెగిన ఆనవాలూ లేదు. ఎవరో తీరిగ్గా కూర్చుని, అతుకు దగ్గర మెలితిప్పి పీకారు.

వంటింట్లో ఆయన పెళ్ళాం నాగరత్నమ్మ పప్పు ఎనుపుతోంది. పప్పుగుత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి, ముందుకంటే వేగంగా మళ్ళీ మొదలైంది.

"నేను దాన్ని తాకను కూడా తాకలేదు మామా," అంది కోడలు మునిలక్ష్మి, చేతిలో చీపురు అలాగే పట్టుకుని. "పొద్దున సిమ్మేటప్పుడు గూడా పెట్టె సుట్టూ సిమ్మినానే గానీ దాని జోలికి పోలేదు."

"సిమ్మేటప్పుడే తగిలుంటాది."

"తగిలితే ఊడుతాదా? ఎవురో మెలిదిప్పి పీకినట్టుండాదని ఇప్పుడే నువ్వే అంటివే!"

"మాటకు మాట అంటించేది బాగా నేర్సినావు."

మునిలక్ష్మి ముఖం మాడిపోయింది. చీపురును గోడకు ఆనించింది. ఆనించిందనడం మర్యాద కోసం, నిజానికి విసిరింది. మొగుడు ముద్దుకృష్ణ ఇంట్లో ఉంటే ఆయనతో చెప్పుకునేది. కండక్టరు పని, ఆదివారం కూడా కుప్పం బస్సులోనే ఉన్నాడు.

"సాయంత్రం నాలుగింటికి ఆడోళ్ళు వస్తాండారు," అన్నాడు బైరప్ప గాలిలోకి చూస్తూ. "కుప్పం నుంచి కొందరు, మదనపల్లె నుంచి మెహరున్నీసా. అందరికీ కార్డులు రాసి పిలిపిస్తే, ఈ పొద్దే పీకల్లా? మునిలక్ష్మీ, మీ అత్తను అడుగు. పెట్టె కాడికి ఎవురన్నా వచ్చినారా అని."

వంటింటికీ నడింటికీ మధ్య దూరం నాలుగు అడుగులు. అయినా గురువారం నుంచి ఆ ఇంట్లో మాటలు కోడలి మీదుగానే నడుస్తున్నాయి.

"అత్తా, పెట్టె కాడికి ఎవురన్నా వచ్చినారా అని అడగతాండాడు."

"రాలేదని సెప్పు."

"రాలేదంట."

"సరే అని సెప్పు."

మునిలక్ష్మి ఇక చెప్పలేదు. వాకిట్లోకి వెళ్ళి, బొగడచెట్టు కింద గట్టు మీద కూలబడింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాగరత్నమ్మ ఎవరూ చూడకుండా కుడిచేతి వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. వేళ్ళ మీద వైరు మెలిపెట్టిన ఎర్రటి గుర్తులు ఇంకా పోలేదు.

గొడవంతా గురువారం మొదలైంది. బైరప్ప మదనపల్లె నుంచి స్పీకరు తెచ్చి, పసిపిల్లను చూపించినట్టు గుడ్డ విప్పి చూపిస్తే, ఆమె ఒక్క మాట అంది.

"టీవీలో వచ్చే శబ్దం సాలదా? ఇంకా స్పష్టంగా విని ఏం బావుకోవల్ల?"

కుప్పంలో పన్నెండేళ్ళు టూరింగు టాకీసులో మిషను తిప్పినవాడు బైరప్ప. టెంటు పీకేసి ఐదేళ్ళయినా, పుంగనూరుకు వచ్చి నూరుల్లా రేడియో అంగట్లో రిపేర్లు చేస్తున్నా, తనను తాను ఆపరేటరుగానే లెక్కేసుకుంటాడు. అలాంటి మనిషిని పట్టుకుని శబ్దం ఎందుకు అంటే, వంటమనిషిని పట్టుకుని ఉప్పెందుకు అన్నట్టే కదా. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు.

అసలు ఈ పెట్టె పిచ్చి ఆయనకు ఊరికే పట్టలేదు. నెలకిందట పుంగనూరు సంతలో మెహరున్నీసా ఎదురైంది. ఒకప్పుడు కుప్పంలో వాళ్ళ వీధిలోనే ఉండేది, ఇప్పుడు మదనపల్లెలో టైలరింగు అంగడి పెట్టుకుంది. మాటల్లో మాటగా నవ్వుతూ అంది.

"మీ టెంటులో ఆడోళ్ళ పక్క ఒక్క మాట ఇనపడేది కాదన్నా. పక్కనే ఆయిలింజను దడదడలాడేది కదా. పాటలు ఇనేది, బొమ్మ సూసేది, అంతే. రత్నక్క సెప్తేనే మాకు కథ తెలిసేది."

ఆమె నవ్వింది గానీ బైరప్పకు ముద్ద దిగలేదు. ఆయన కేబిన్‌లో చెవి పక్కనే ఒక చిన్న స్పీకరు ఉండేది. ప్రతి మాటా అందులో ముత్యంలా పలికేది. టెంటంతా అలాగే వింటోందని ఆ మనిషి పన్నెండేళ్ళు నమ్మాడు. తడిక కట్టి వేరు చేసిన ఆడవాళ్ళ పక్కన, ఇంజను మోతలో, వాళ్ళు ఒక్క మాటా వినకుండా టిక్కెట్టు కొని కూర్చున్నారని తెలిసి ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆ ఆడవాళ్ళను పిలిచి, ఒక్క సినిమానైనా మాటమాటా వినిపించాలని ఆయన పట్టుదల. మంచి మనిషి పట్టుదల, ఎవరు కాదంటారు?

ఒక్క నాగరత్నమ్మ తప్ప.

*

పదకొండు గంటలకు నూరుల్లా సోల్డరింగు కడ్డీ పట్టుకుని వచ్చాడు. వాకిట్లో మునిలక్ష్మినీ, నడింట్లో బైరప్పనూ, వంటింట్లో చప్పుడునూ ఒక్క చూపులో లెక్కగట్టి, గొంతు తగ్గించాడు.

"ఏమన్నా, ఇంట్లో మబ్బు పట్టినట్టుండాది?"

"వైరు పీకినారప్పా."

"పీకితే అతికిస్తాం. దానికేంది? వదినా, ఒక టీ!"

టీ వచ్చింది. తెచ్చిన నాగరత్నమ్మ గ్లాసు నూరుల్లా చేతికిచ్చి, రెండోది బైరప్ప పక్కన నేల మీద పెట్టి వెళ్ళింది. నూరుల్లా ఆ గ్లాసును కూడా తీసి బైరప్ప చేతికిచ్చాడు. అలవాటైన మనిషి.

"ఈ మనిషితో నేను మదనపల్లెలో పడిన తిప్పలు సెప్తే నమ్మవు వదినా," అన్నాడు వంటింటి వైపు తిరిగి, ఎలాగైనా నాలుగు మాటలు దొర్లించాలని. "అంగడాయన ఇంత లావు బాక్సులు రెండు పెట్టి పాట ఏసినాడు. షట్టరు అదిరింది. అందురూ ఆహా అంటాండారు. ఈయన ఏమన్నాడో తెలుసా? పాట ఆపప్పా, రేడియోలో ఎవురన్నా మాట్లాడతా ఉంటే పెట్టు అన్నాడు!"

"మరి? పాట ఏ డబ్బాలో ఏసినా పలుకుతాది. మాట పలకల్ల," అన్నాడు బైరప్ప.

"రేడియోలో వ్యవసాయం కార్యక్రమం. సెనక్కాయ పంటకు పురుగు పడితే ఏం మందు కొట్టల్ల అని ఇద్దురు రైతులు మాట్లాడతాండారు. ఈయన కండ్లు మూసుకోని నిలబడి అంగట్లో ఉండే స్పీకర్లన్నీ ఆ పురుగు మందుతోనే ఇన్నాడు. ఒక గంట!"

"పెద్ద బాక్సులో ఆ రైతు కాగు లోపల కూచోని మాట్లాడినట్టుండాడు. మైకు గొట్టం పెడితే ముక్కుతో మాట్లాడినట్టుండాది. ఈ ఆరంగుళాల దాంట్లో పెడితే, ఎదురుగా కూచోని నాతో మాట్లాడినాడు. ఇదే తీసుకున్నా."

"ఎవసాయం ఇని స్పీకరు కొన్నోణ్ణి ఇప్పుడే సూస్తాండా అన్నాడు అంగడాయన."

ఎవరూ నవ్వలేదు. నూరుల్లా కడ్డీ వేడిచేసుకున్నాడు.

స్పీకరు కొంటే అయిపోలేదు. మామిడి పలకలతో పెట్టె కట్టాడు బైరప్ప. లోపల గుయ్‌మనకుండా దూది కూరాడు. దూది ఎక్కడిదని ఎవరూ అడగలేదు గానీ, నాగరత్నమ్మ తలకింద దిండు రెండు రోజుల్లోనే పలచబడింది. ఆ తర్వాత నడింట్లో నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. బండల మిద్దె, బండపరుపు, సున్నం గోడలు. ఒక్క చప్పట్టుకు మూడు చప్పట్లు తిరిగొచ్చేవి. మామకు గాలి సోకిందేమోనని మునిలక్ష్మి భయపడింది కూడా. రెండు గోడలకు కంబళ్ళు వేలాడగట్టి, కింద బొంతలు పరిపించాక గానీ ఆయన చప్పట్లు మానలేదు.

"మునిలక్ష్మీ, ఇట్లొచ్చి కూచో," అని పిలిచాడు ఇప్పుడు. "కూచున్న ఆడమనిషి సెవి ఎంత ఎత్తులో ఉంటాదో కొలుసుకోవల్ల. పెట్టె నేల మీద పెడితే మాట మొద్దుబారతాది. సెవికి నేరుగా, టీవీ కిందనే, బొమ్మ నోట్లో నుంచి వచ్చినట్టుండల్ల."

వాకిట్లో మునిలక్ష్మి మొహం అటు తిప్పుకుంది.

"నీ సెవి కొలత నాకొద్దు అంటాండాదేమో," అన్నాడు నూరుల్లా.

మునిలక్ష్మి లేచి వచ్చింది. కానీ నడింట్లో ఆగకుండా నేరుగా వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికేసింది.

*

"అత్తా, రెండింటికి కలకడ బస్సుండాది. నేను మాయమ్మోళ్ళింటికి పోతా."

నాగరత్నమ్మ పప్పుగుత్తి పక్కన పెట్టింది.

"పెండ్లయి మూడేండ్లాయ. ఒక గిన్నె పగలగొట్టినా నేనే పగలగొట్టినానని సెప్పినా. సెయ్యనిదాన్ని నా మీద ఏసుకోమంటే ఎట్లత్తా? ఆ కడ్డీ పట్టుకున్నాయన ముందర గూడా!"

మునిలక్ష్మి కళ్ళు తుడుచుకుంటోంది. నాగరత్నమ్మ ఆమె దగ్గరికి జరిగింది. తన పీకల మీదికి వచ్చిందని పిల్ల పీక మీద పెట్టింది, అంతే కదా చేసిన పని.

"నువ్వు పీకలేదు," అంది. "నేను పీకినా."

పిల్ల ఏడుపు టక్కున ఆగింది.

"నువ్వా? యాల?"

అప్పుడు నాగరత్నమ్మ పీట లాక్కుని కూర్చుని, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

టెంటులో ఒకటే మిషను. ఒక రీలు అయిపోతే బొమ్మ ఆగాలి, లైటు వెలగాలి, బైరప్ప ఇంకో రీలు ఎక్కించాలి. ఆ ఐదు నిమిషాలూ ఆడవాళ్ళు వక్కాకు వేసుకుంటూ ఒకరినొకరు అడిగేవారు, వాడేమన్నాడు, ఆమె ఎందుకేడ్చింది అని. కుప్పానికి కొత్తగా వచ్చిన నాగరత్నమ్మను మొదటి రోజే ఎవరో పట్టుకున్నారు. "మిషను తిప్పేది నీ మొగుడే కదా, నీకు తెలీదా?" అన్నారు. తెలియదంటే మొగుడు తనతో మాట్లాడడనుకుంటారని సిగ్గేసింది. నోటికొచ్చింది చెప్పింది. అందరూ ఆహా అన్నారు. మరుసటి రీలుకు ఆమె చుట్టూ చేరారు.

"అంటే ఆ కథలన్నీ..."

"అన్నీ నావే. బొమ్మ వాళ్ళది, మాట నాది. మీ మామ రెండో ఆట అయిపోయి వచ్చి పండుకుంటే తెల్లారే దాకా లేసేది లేదు. ఎవురినడగల్ల నేను?"

మునిలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో మొదట తెలియలేదు. తర్వాత భుజాలు కదిలాయి.

"నవ్వొద్దుమే! ఈ పొద్దు ఆడించేది ఆ అక్కాసెల్లెండ్ల సినిమా. మెహరున్నీసా అడిగి పెట్టించింది."

నవ్వు ఆగిపోయేలా మిగతాది చెప్పింది. పద్నాలుగేళ్ళ కిందట టెంటులో ఆడిన ఆ సినిమాలో ఒకచోట అక్క మొగుడి ముందర వంగుతుంది. నడుముకు తాళాలగుత్తి. మాట వినపడదు. రీలు మార్చేటప్పుడు నాగరత్నమ్మ చెప్పింది, ఆమె ఇంటి తాళాలు తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టేసిందని. పెట్టి ఏమందంటే, "నీ ఇంటి తాళాలు నీకు, నా చేతులు నాకు." హీరోయిను కదా అని పుస్తకం భాషలో చెప్పింది.

అప్పటికి మెహరున్నీసా మొగుడు పోయి ఏడాది. బావగారి ఇంట్లో పదిమందికి వండిపెడుతూ, కుట్టుమిషను అటక మీద పెట్టి కూర్చుని ఉంది. సినిమా చూసిన మూడో రోజు ఆమె తాళాలగుత్తి తీసి బావ కాళ్ళ దగ్గర పెట్టింది. ఆ మాటే అంది. మిషను బస్సు మీద వేసుకుని మదనపల్లె పోయింది. ఇప్పుడు ఆమె దగ్గర నలుగురు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు.

"ఆ యమ్మ నోట్లో నుంచి ఆ మాట ఒక్కసారి వినల్ల అక్కా అని కార్డు రాసింది," అంది నాగరత్నమ్మ. "బొమ్మలో ఆ మాట ఉండదే. నాకు తెలుసు కదా. బతుకంతా దాని మీద నిలబెట్టుకున్నదానికి, అది ఉత్తదని ఈ పొద్దు నా ఇంట్లోనే తెలస్తాది."

"నిజంగా ఏమంటాదత్తా ఆ యమ్మ?"

"నాకేం తెలుసు? ఈ పొద్దుకీ తెలీదు."

మునిలక్ష్మి మూసిన తలుపు వైపు చూసింది. తర్వాత గుసగుసగా అంది.

"ఇంకోసారి పీకేద్దామా?"

"వద్దమ్మా. నీ మీద ఒక మాట పడింది, అది సాలు."

నాగరత్నమ్మ తలుపు తీసుకుని నడింట్లోకి వెళ్ళింది. మూడు రోజుల తర్వాత మొగుడి ముఖంలోకి సూటిగా చూసింది.

"వైరు నేను పీకినా. పిల్లను అనొద్దు."

నూరుల్లా సోల్డరింగు మీదికి ఇంకా వంగిపోయాడు. బైరప్ప చేతిలో కొలతదారం అలాగే ఉండిపోయింది.

"నువ్వా? యాల?"

ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"నేను సేసింది ఒకరు వినేది నీకు ఇష్టం లేదా? ఇన్నేండ్లకు ఒక పని సక్కంగా సేద్దామనుకుంటే..."

"నీ పని గురించి కాదు."

"మరి దేని గురించి?"

దానికి కూడా జవాబు చెప్పి ఉంటే కథ అక్కడితో పోయేది. నాగరత్నమ్మ బొంత మీద కూర్చుంది. "సెవి కొలుసుకో," అంది.

ఆయన మోకాళ్ళ మీద వంగి, దారం ఒక కొస ఆమె చెవి దగ్గరా ఇంకో కొస నేల మీదా పెట్టి కొలిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమె చెవి అంత దగ్గరగా చూసింది లేదు. కమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉందని కూడా ఆయనకు ఆ రోజే తెలిసింది.

*

నాలుగు కొట్టేసరికి నడిల్లు నిండిపోయింది. కుప్పం నుంచి నలుగురు, గుడుపల్లె నుంచి, అప్పట్లో టెంటుకొచ్చే రెడ్డెమ్మ, వీధిలో వాళ్ళు ఆరుగురు. వక్కాకు, సెనక్కాయలు, కేకలు. బైరప్ప పాత ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు, టెంటులో తొడుక్కునేది.

మెహరున్నీసా అందరికంటే చివర వచ్చింది. జుట్టు సగం నెరిసింది. కళ్ళద్దాలు దారంతో మెడలో వేలాడుతున్నాయి. వచ్చీ రాగానే నాగరత్నమ్మ పక్కన చోటు చేయించుకుని కూర్చుంది.

"అప్పట్లో మాదిరే నీ పక్కనే, రత్నక్కా."

నాగరత్నమ్మ ఆమె చేతిలో చెయ్యి పెట్టింది గానీ ముఖంలోకి చూడలేదు.

అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో కాసెట్టు దిగింది. పాట మీద పేర్లు వచ్చి పోయాయి. పాట అయిపోగానే బైరప్ప మోత పుట్టించే బేసు తగ్గించి, మాటకు పదునిచ్చే ట్రెబులు పిసరంత పెంచి, శబ్దం తిప్పే మీట మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తెరమీద ముసలాయన నోరు తెరిచాడు.

మాట పలికింది.

అరిచినట్టు కాదు, గోడల్లో దొర్లినట్టు కాదు. ఆ ముసలాయన వచ్చి బొంత మీద వాళ్ళ పక్కనే కూర్చున్నట్టు. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెడ్డెమ్మ అయితే కొంగు సర్దుకుంది, పరాయి మగాడు దగ్గరికొచ్చినట్టు.

"అయ్య! ఎంత సక్కంగా ఇనపడ్తాండాది బైరప్పన్నా!"

బైరప్ప ముఖం చూడాల్సింది. నవ్వకుండా ఉండడానికి మీసం కొరుక్కున్నాడు. ఆయన్ను చూసి నాగరత్నమ్మకు అంత భయంలోనూ కడుపు నిండింది. ఇంత మంచి పని చేసిన చేతికి అడ్డం పడ్డానే అనిపించింది.

ఆ సంబరం పది నిమిషాలు.

"రత్నమ్మా!" రెడ్డెమ్మ వెనక్కి తిరిగింది. "ఈ లావాటాయన వాళ్ళ మేనమామ అంటివే! డాక్టరంట కదే!"

"ఇంజను మోతలో సరిగ్గా..." అంది నాగరత్నమ్మ.

ఇంకో రీలంత దూరం పోయాక, సవతి అని ఆమె చెప్పిన మనిషి పక్కింటి టీచరమ్మ అని తేలింది. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నూరుల్లా మొహం తిప్పుకున్నాడు. మునిలక్ష్మి అత్త మోకాలు పట్టుకుని కూర్చుంది. బైరప్ప మాత్రం నవ్వడం మానేసి, తెర వదిలేసి, పెళ్ళాం వైపే చూస్తున్నాడు. టీచరమ్మ సవతి ఎలా అయిందో ఆయనకు అర్థం కావడం లేదు.

మెహరున్నీసా నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది.

ఆ గది వచ్చింది. ఆ గడప వచ్చింది. మొగుడు చెయ్యి చాపి వీధి చూపించాడు. అక్క వచ్చి నిలబడింది, నడుముకు తాళాలగుత్తితో. ఇల్లంతా సద్దుమణిగింది, కుప్పం వాళ్ళకందరికీ ఆ చోటు గుర్తే. నాగరత్నమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఏం లాభం, పెట్టె చెవికి నేరుగా ఉంది.

అక్క వంగింది.

"నన్ను క్షమించండి," అంది పెట్టెలోంచి, వెక్కి వెక్కి ఏడుస్తూ. "తప్పంతా నాదే. మీ పాదాల దగ్గరే నాకింత చోటివ్వండి. నన్ను గడప దాటించకండి."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఏడుపు మధ్య ముక్కు ఎగబీల్చడం కూడా వినపడింది. బైరప్ప పనితనం అది.

కుప్పం ఆడవాళ్ళు ముందు మెహరున్నీసాను చూశారు, తర్వాత నాగరత్నమ్మను. అక్కడ తాళాలు ఎవరూ పెట్టలేదు. ఏ చేతులూ ఎవరివీ కాలేదు.

నాగరత్నమ్మ ఆమె చెయ్యి వదిలేసింది.

"మెహరూ, నేను..."

"నాకు తెలుసు రత్నక్కా."

"ఏం తెలుసు?"

"మదనపల్లెకు పోయిన రెండో నెల్లోనే ఈ సినిమా ఆడ హాల్లో ఆడింది. పోయి సూసినా. ఇట్లే ఏడ్సింది." మెహరున్నీసా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ రాత్రి నేనూ ఏడ్సినా. ఉత్త మాట నమ్మి వచ్చేసినానే అని. తెల్లారి మిషను ముందర కూచుంటే నవ్వొచ్చింది. ఆ మాట బొమ్మది కాకపోతే ఇంకెవురిది? నా పక్కన కూచున్నదానిది. ఇంకా గట్టిది కదా."

"పద్నాలుగేండ్లు తెలిసీ సెప్పలేదే!"

"సెప్తే నువ్వు సెప్పేది మానేసేదానివి. మిగతా వాళ్ళ గతి ఏం కావల్ల?"

నవ్వింది మొదట రెడ్డెమ్మే. నాగరత్నమ్మ నవ్వలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. సిగ్గు పడాలో సంతోషపడాలో ఆమెకు తెలియలేదు.

"మరి ఇదే సినిమా యాల పెట్టమంటివి?"

మెహరున్నీసా బైరప్ప వైపు తిరిగింది.

"అన్నా, నీ పెట్టె శానా బాగా పలుకుతాండాది. అల్లా సాక్షిగా ఇట్లాంటి శబ్దం నేను హాల్లో గూడా ఇనలేదు. మేమందురం ఇన్నాం. ఇంగ నువ్వు ఇనాల్సింది ఒకటుండాది. కుప్పంలో ఆడోళ్ళందురూ ఇన్నారు, నువ్వొక్కడివే ఇనలేదు."

మేనమామ, సవతి, పీకిన వైరు, "నీ పని గురించి కాదు" అన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి బైరప్ప ముఖం మీద నడిచాయి. తడికకు అవతల పన్నెండేళ్ళు ఏం జరిగిందో ఆ మనిషికి ఇప్పుడు తెలిసింది. తాను రీలు ఎక్కించే ఐదు నిమిషాల్లో, వెలుగుతున్న లైటు కింద, తన పెళ్ళాం ఇంకో సినిమా ఆడించింది.

"మామా, ఆపేద్దామా?" అంది మునిలక్ష్మి మెల్లిగా.

ఆయన వీసీఆర్ దగ్గర వంగి కాసెట్టు వెనక్కి తిప్పాడు. తెర మీద అక్క వెనక్కి వెనక్కి నడిచి, గడప దగ్గరికి పోయి నిలబడింది. ఆయన మీట మీద చెయ్యి వేశాడు. అన్ని అంగళ్ళు తిరిగి, పురుగుమందు విని, దిండులో దూది తీసి, చెవి కొలిచి సాధించిన ఆ శబ్దాన్ని ఆయన తన చేత్తోనే సున్నాకు తిప్పేశాడు.

తర్వాత వచ్చి ఆడవాళ్ళ మధ్య, బొంత మీద, నాగరత్నమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. తెర మీద అక్క మాట లేకుండా వంగుతోంది.

ఆ సినిమాను నలభై ఆటలు ఆడించి, అందులో ప్రతి మాటా నిద్రలో అయినా అప్పజెప్పగలిగిన బైరప్ప అడిగాడు.

"రత్నమ్మా, ఏమంటాండాదే ఆ యమ్మ?"

నాగరత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కుప్పంలో ఎంతమందికో చెప్పిన మాటే అది. ఆయన అడగడం మాత్రం ఇదే మొదటిసారి.